శుక్రవారం చచ్చే మెషీను

ముందుగా రెండు మాటలు

అల్ట్రాసోనిక్ క్లీనింగ్ మెషీన్లు బాగుచేస్తూ కడప, కర్నూలు జిల్లాల్లో బస్సు సీట్లు అరగదీసి, ఈమధ్యే ఇంట్లో కూర్చున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "సార్, మీ అనుభవాలు చెప్పండి" అంటారు. నేను గొంతు సవరించుకునేలోగా "ఆ ట్రాన్సిస్టర్ నంబరు ఒక్కటి చెప్తే చాలు సార్" అంటారు. నంబరు ట్రాన్సిస్టర్ మీదే రాసి ఉంటుంది. దాని మీద రాయని సంగతులు కొన్ని ఇక్కడ రాస్తాను.

నాకొచ్చిన ప్రమోషన్ల గురించి రాయను. రెండొచ్చాయి. రెండుసార్లూ పని అదే, బస్సు అదే, విజిటింగ్ కార్డు మాత్రం కొత్తది.

మాది కోడుమూరు దగ్గర పల్లె. ఇంట్లో అందరిదీ సేద్యమే. నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో మా పెదనాయన పక్కన కూర్చోబెట్టుకుని అడిగాడు.

"ఏమప్పా, నువ్వు చేసే పని ఏంది?"

"చెవికి వినపడని మోత పుట్టించే మెషీన్లు రిపేరు చేస్తా పెదనాయనా. ఆ మోతకు తొట్టిలో నీళ్ళు అదిరి, సామాన్ల మురికి పోతాది."

"వినపడని మోతా? మల్ల అది మోగుతాందో, నిద్ర పోతాందో నీకెట్ల తెలుస్తాది?"

ఇంటర్వ్యూలో ముగ్గురు పెద్దమనుషులు టై కట్టుకుని కూర్చుని కూడా అడగని ప్రశ్న అది. నాకు జవాబు తెలియక "తెలుస్తాది లే" అన్నాను. "అయితే నీకు జీతం ఊరికే ఇస్తాండారు" అని ఆయన తేల్చేశాడు. జవాబు ఆ తర్వాత ఒక పాత మెకానిక్ నేర్పాడు. చపాతీలు చుట్టే పల్చటి అల్యూమినియం రేకు ముక్కను తొట్టి నీళ్ళలో నిలువుగా ముంచి నిమిషం పట్టుకోవాలి. మెషీను పనిచేస్తుంటే రేకు నిండా చిల్లులు పడతాయి. లేకపోతే వేసిన రేకు వేసినట్టే బయటికొస్తుంది. నా సంచీలో మీటరు మరిచిపోయిన రోజులున్నాయి గానీ ఆ రేకు మరిచిపోయిన రోజు లేదు.

ఒక రోలు, రెండు రోకళ్ళు

ఇప్పటి పిల్లలు పాత సర్క్యూట్ బోర్డు పీకి కొత్త బోర్డు పెట్టి వచ్చేస్తున్నారు. వాళ్ళ తప్పు కాదు, కంపెనీలే అట్లా చేయమంటున్నాయి. కానీ లోపల ఏం జరుగుతుందో పట్టించుకోనివాడు మెషీను పాడైన ప్రతిసారీ కస్టమర్నే అనుమానిస్తాడు. ఆ పని నేనూ చేశాను, ముందుకు పోతే మీకే తెలుస్తుంది. ముందు సర్క్యూట్ చూద్దాం.

స్టీలు తొట్టి అడుగున, బయటివైపు, ట్రాన్స్‌డ్యూసర్లు అతికించి ఉంటాయి. ట్రాన్స్‌డ్యూసర్ అంటే రెండు లోహపు దిమ్మెల మధ్య పింగాణీలాంటి బిళ్ళలు పెట్టి బోల్టుతో బిగించిన వస్తువు. బిళ్ళకు కరెంటు ఒకవైపు నుంచి ఇస్తే కంటికి కనపడనంత లావెక్కుతుంది, తిప్పి ఇస్తే సన్నబడుతుంది. ఇట్లా దానిచేత సెకనుకు దాదాపు నలభై వేలసార్లు చేయించాలి. ఆ చేయించేదే డ్రైవర్ సర్క్యూట్.

ఒక్క ట్రాన్సిస్టర్ కరెంటును ఒకవైపే లాగగలదు. అందుకని ఇద్దరిని పెడతారు. ట్రాన్స్‌ఫార్మర్‌లోని రెండు తీగచుట్టల్లో మొదటి చుట్టకు నడిమధ్యలో ఒక తీగ బయటికి తీసి, సప్లై అక్కడ కలుపుతారు. చుట్ట రెండు కొసల్లో చెరొక ట్రాన్సిస్టర్ కాపు కాస్తుంటుంది. ఎడమది తెరుచుకుంటే కరెంటు మధ్య నుంచి ఎడమకు పారుతుంది, ఆ సేపు కుడిది మూసుకుని ఉంటుంది. తర్వాత ఎడమది మూసుకుని కుడిది తెరుచుకుంటుంది. మొదటిది ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంతాన్ని ఒక దిక్కుకు తిప్పితే, రెండోది వెనక్కు తిప్పుతుంది. ఆ ఊపుకు రెండో చుట్టలో వందల వోల్టులు పుట్టి, అటూ ఇటూ మారుతూ ట్రాన్స్‌డ్యూసర్‌కు చేరతాయి. పుష్-పుల్ అనేది దీన్నే.

మా పల్లెలో ఒకే రోటి దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు ఎదురెదురుగా నిలబడి కొర్రలు దంచేవాళ్ళు. ఒకరి రోకలి పైకి లేచాకే ఇంకొకరి రోకలి దిగాలి. ఆ రెండింటి మధ్య రెప్పపాటు ఖాళీ లేకపోతే రోకళ్ళు కొట్టుకుంటాయి. ట్రాన్సిస్టర్లకూ ఆ ఖాళీ కావాలి. ఇద్దరూ ఒకేసారి తెరుచుకుంటే ఒకరు పుట్టించిన అయస్కాంతాన్ని ఇంకొకరు కొట్టేస్తారు. అప్పుడు చుట్ట ఉన్నా లేనట్టే, కరెంటుకు అడ్డం ఉండదు, ఇద్దరూ కలిసే పోతారు.

చేరిన మొదటి నెలలో నేను ఒక ఘనకార్యం చేశాను. ట్రాన్స్‌ఫార్మర్ మార్చి, ఒక సగం చుట్ట కొసలు తారుమారుగా కలిపాను. దాంతో ఇద్దరూ వంతుల ప్రకారం చక్కగా పనిచేస్తూనే, ఒకే దిక్కుకు తోశారు. స్విచ్ వేయగానే ఠప్పుమంది. మా మేనేజరు చలపతి సార్ టీ గ్లాసుతో బయటికొచ్చాడు.

"ఎందుకు పేలిందప్పా?"

"ట్రాన్సిస్టర్లు నాసిరకం సార్."

చలపతి సార్‌కు సర్క్యూట్లు తెలియవు. ఆయన అంతకుముందు ఎరువుల కంపెనీలో చేసి వచ్చాడు. కానీ అబద్ధం వాసన బాగా పసిగడతాడు. "నాకు తెల్దు అని చెప్పేకి నీ సొమ్మేం పోతాదప్పా?" అని లోపలికి పోయాడు. ఆ మాట అప్పుడే చెవికెక్కించుకుని ఉంటే నేను ఇది రాయాల్సిన అవసరం ఉండేది కాదు.

ఇక మిగిలింది నీళ్ళ సంగతి. తొట్టిలో నీళ్ళుంటే బిళ్ళల ఊపును అవి తీసుకుంటాయి, మెషీను అదుపులో ఉంటుంది. తొట్టి ఖాళీగా ఉంటే ఆ ఊపు తీసుకునేవాళ్ళు లేరు. బిళ్ళలు పట్టపగ్గాల్లేకుండా ఊగుతాయి, కరెంటు మితిమీరి లాగుతాయి, ట్రాన్సిస్టర్లు కాలిపోతాయి. అందుకే ప్రతి మెషీను మూత మీద ఖాళీగా ఆన్ చేయొద్దని ఎర్రటి స్టిక్కరు వేసి పంపేవాళ్ళు. అది ఇంగ్లీషులో ఉండేది.

మైదుకూరులో శనివారాలు

నేను రిటైరవడానికి కొన్నేళ్ళ ముందు మైదుకూరులో సుబ్బరాయ శెట్టి అనే ఆయన నగల అంగడికి ఒక మెషీను అమ్మాం. అంగట్లో ముఖ్యమైనవాళ్ళు ముగ్గురు. గల్లాపెట్టె దగ్గర శెట్టి. ఆయన వెనక కుర్చీలో ఆయన తల్లి, అందరికీ అవ్వ. గడప పక్కన చిన్న కుంపటి, ఊదుగొట్టంతో వీరాచారి. వీరాచారి శెట్టి నాయన కాలం నుంచి అక్కడే పనిచేస్తున్నాడు. నగలు కడగడం కూడా ఆయనే, కుంకుడు రసంలో నానబెట్టి మెత్తటి బ్రష్షుతో.

మెషీను పెట్టిన రోజు వీరాచారి దాని చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. "ఇది కడగదప్పా, నగను బెదిరిస్తాది" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆయనకు అది నచ్చలేదన్న సంగతి ఆ రోజే బజారంతా తెలిసిపోయింది.

వారం తిరగ్గానే శనివారం పొద్దున శెట్టి ఫోన్ చేశాడు. "ఏమప్పా, నీ మెషీను పలకడం లే." కడపలో బస్సెక్కి పోయాను. విప్పి చూస్తే రెండు ట్రాన్సిస్టర్లూ కాలిపోయి ఉన్నాయి. మార్చాను, రేకు ముంచాను, చిల్లులు పడ్డాయి, టీ తాగి వచ్చాను. మరుసటి శనివారం మళ్ళీ ఫోన్. మళ్ళీ అవే రెండు. ఆ పై శనివారం కూడా అంతే. ఈసారి, అప్పటికీ మా మేనేజరే అయిన చలపతి సార్ నన్ను పిలిచి, "ఇంగోసారి పోయేపనైతే ఆడనే గది తీసుకో" అన్నాడు.

మా సర్వీసు ఫారంలో "కారణం" అని ఒక గడి ఉండేది. అది నింపకపోతే ఆఫీసులో ఒప్పుకోరు. మూడోసారి నాకు నిజంగా కారణం తెలియదు. సప్లై చూశాను, చుట్ట చూశాను, ట్రాన్సిస్టర్ల వంతుల మధ్య ఖాళీ చూశాను, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. తెలియదని రాయడానికి నామోషీ వేసింది. "యూజర్ మిస్‌హ్యాండ్లింగ్" అని రాసి సంతకం పెట్టి, ఒక కాపీ శెట్టికి ఇచ్చి వచ్చాను. మా వృత్తిలో ఇది పాత అలవాటు. మనకు అంతుపట్టకపోతే వాడినవాడి మీదికి తోసేయడం, అదీ ఇంగ్లీషులో. అందరూ చేస్తారు. చేసేవాళ్ళలో నేనేమీ వెనకబడినవాణ్ణి కాదు.

రెండు ఇంగ్లీషు ముక్కలు

నాలుగో శనివారం శెట్టి గొంతు వేరుగా ఉంది.

"నువ్వు రాసింది నిజమేనప్పా. కౌంటర్లో పనిచేసే పాప చదివి చెప్పింది, వాడేవాళ్ళు సరింగా వాడలేదని. వాడేది ఆచారి ఒక్కడే. పొద్దున్నే స్విచ్చేసి, పలకడం లేదని చెప్పేదీ ఆయప్పనే. నాలుగుసార్లూ ఆయప్ప చేతిలోనే చచ్చింది. మెషీనొస్తే తన పని పోతాదని చేస్తాండాడు."

"అయ్యో, నేను ఆయన పేరు రాయలేదే శెట్టిగారూ."

"పేరెందుకప్పా? నిన్న కాక మొన్న పుట్టిన మెషీను, దాన్ని చూసి ఓర్వలేనోడు ఒక్కడే. అంగట్లో అందరి ముందరా అడిగేసినా. రేపటి నుంచి రావద్దన్నా."

బంగారం పనిలో ఒక మనిషి చెయ్యి మంచిది కాదన్న మాట బజార్లో పడితే, ఆ చేతిలో ఇంకెవరూ ఉంగరం పెట్టరు. ఆ మనిషి తప్పు చేశాడా లేదా అని ఎవరూ ఆరా తీయరు, పక్క అంగడికి పోతారు అంతే. ముసలితనంలో వీరాచారికి ఆ గతి పట్టించింది నేను రాసిన రెండు ఇంగ్లీషు ముక్కలు.

"ఒక్క వారం ఆపండి శెట్టిగారూ. వచ్చే శుక్రవారం నేనే వచ్చి పొద్దున్నుంచి కూర్చుంటా. అప్పుడు కూడా మీకు ఆయనే అనిపిస్తే మీ ఇష్టం" అన్నాను. శెట్టి గొణుక్కుంటూ ఒప్పుకున్నాడు. మెషీను శనివారాలే చచ్చి కనపడుతోందంటే శుక్రవారం ఏదో జరుగుతోందని అర్థం కావడానికి నాకు నాలుగు వారాలు పట్టింది. వారాలూ వర్జ్యాలూ చూసే మా అత్తకైతే రెండో వారానికే తెలిసేది.

అవ్వ హారతి

ఆ వారం మధ్యలో పోయి మెషీను బాగుచేసి వచ్చాను. శుక్రవారం పొద్దున్నే పోయి స్టూలు వేసుకుని కూర్చున్నాను. వీరాచారి కుంపటి రాజేసుకున్నాడు. తర్వాత తల ఎత్తకుండానే అడిగాడు.

"నన్ను కావిలి కాస్తాండావా?"

"మెషీనును కాస్తాండా ఆచారన్నా."

"అదేమన్నా పారిపోతాదా?"

సాయంత్రం దాకా చూశాను. ఆయన నగలను రాగి తీగకు తగిలించి, అడుగుకు తాకకుండా నీళ్ళలో వేలాడదీస్తున్నాడు. నేను ట్రైనింగు ఇచ్చినవాళ్ళలో పదిమందికి చెప్పినా చేయని పని అది. నచ్చని మెషీనునే అయినా ఆయన పద్ధతిగానే వాడుతున్నాడు. చూసేకొద్దీ నాకు స్టూలు మీద కూర్చోబుద్ధి కాలేదు.

ఎండ దిగాక అవ్వ కుర్చీలోంచి లేచింది. "ఆచారీ, తొట్టి నీళ్ళు తియ్యి" అంది. బంగారం కడిగిన నీళ్ళను ఎవరూ పారబోయరు, అడుగున పొడి చేరుతుంది కాబట్టి. అవ్వ లెక్కలో శుక్రవారం దీపం పెట్టాక ఆ నీళ్ళను కదిలించనూ కూడదు. అందుకని దీపాల వేళకు ముందే వీరాచారి నీళ్ళన్నీ ఇత్తడి బిందెలోకి వంచి, తొట్టిని గుడ్డతో పొడిగా తుడిచి, గోడ స్విచ్ ఆర్పి, చెప్పులేసుకుని ఇంటికి పోయాడు. శుక్రవారాలు ఆయన పని అంతటితో సరి.

తర్వాత అవ్వ పసుపు కుంకుమ పళ్ళెంతో వచ్చి తూకం యంత్రానికి ఒక బొట్టు, గల్లాపెట్టెకు ఒక బొట్టు, మెషీను మూతకు ఒక బొట్టు పెట్టింది. మూత మీది బొట్టు సరిగ్గా ఎర్ర స్టిక్కరు మీద పడింది. ఐదు వారాల బొట్లు ఒకదాని మీద ఒకటి ఎండిపోయి, స్టిక్కరులో ఒక్క అక్షరం కనపడటం లేదు.

"సుబ్బరాయా, అన్నీ మేలుకోవాల" అంది అవ్వ. శెట్టి గోడ దగ్గరికి పోయి స్విచ్చులన్నీ వరుసగా వేశాడు. లైట్లు వెలిగాయి, ఫ్యాన్లు తిరిగాయి, టీవీ వచ్చింది, ఖాళీ తొట్టితో మెషీను కూడా మేలుకుంది. లక్ష్మీదేవికి హారతి ఇచ్చేటప్పుడు అంగట్లో ఏ వస్తువూ నిద్రపోకూడదని అవ్వ నియమం. అవ్వ పాట అందుకుంది, శెట్టి గంట అందుకున్నాడు. నేను ఎగిరి స్విచ్ మీద చెయ్యి వేశాను.

"హారతి టయానికి ఆర్పుతావా? ఏం మనిషివప్పా!" అని అవ్వ ఉరిమి చూసింది. చెయ్యి దానంతటదే కిందికి వచ్చేసింది. పెద్ద పాట అది, చరణాలు చాలా ఉన్నాయి. కర్పూరం వాసనలో కలిసి ఇంకో వాసన వచ్చింది. ట్రాన్సిస్టర్లు కాలిన వాసన నాకు మా ఇంటి తాలింపు కంటే బాగా తెలుసు. గంట మోతలో ఆ ఠప్పు ఎవరికీ వినపడలేదు. హారతి అయ్యాక శెట్టి స్విచ్చులన్నీ ఆర్పి, అంగడి మూశాడు.

నా తెలివితేటలు

మరునాడు పొద్దున ట్రాన్సిస్టర్లు మార్చి, నేనొక తెలివైన పని చేశాననుకున్నాను. యజమానితో "నీ చేతులారా చంపుతున్నావు" అంటే బాగుండదు, అవ్వతో నియమాల గురించి వాదించి గెలిచినవాడు ఆ బజార్లో లేడు. అందుకని అవ్వ దగ్గరికే పోయాను.

"అవ్వా, లక్ష్మీదేవి ముందర ఖాళీ పాత్ర పెడతారా?"

"పెడితే ఇంగేమన్నా ఉండాదా? నిండుగా ఉండాల."

"మల్ల ఈ తొట్టిని ఖాళీగా పెట్టి హారతి ఇస్తాండారే?"

అవ్వ చెంపలు వేసుకుంది. ఇకమీదట శుక్రవారం పాత నీళ్ళు తీయగానే తొట్టి నిండా మంచి నీళ్ళు పోసి, చిటికెడు పసుపు వేసి హారతి ఇవ్వాలని అప్పటికప్పుడు చట్టం చేసింది. పసుపు వల్ల మెషీనుకు లాభమూ లేదు, నష్టమూ లేదు. శెట్టి సంతోషించాడు. నేను ఫారంలో "లోపం సరిచేయబడింది" అని రాసి, మీసం దువ్వుకుంటూ బయటికి వచ్చాను.

అంగడి మెట్ల మీద వీరాచారి కూర్చుని ఉన్నాడు. పనిముట్ల పెట్టెను తువాలుతో మూటగట్టి పక్కన పెట్టుకున్నాడు.

"ఇంకెందుకన్నా మూట? మెషీను బాగయింది. ఇంక చావదు."

"శెట్టి చెప్పినాడు. నన్ను కూడా ఉండమన్యాడు. జరిగిందేదో జరిగింది, మన్నించినా, ఇంగ మీద జాగర్తగా ఉండు అన్యాడు." ఆయన నా వైపు చూశాడు. "నేనేం చేసినానని మన్నిస్తాడప్పా? మెషీనును బాగుచేస్తివి, మంచిదే. మల్ల నన్ను?"

నా తెలివితేటలతో మెషీను బతికింది, అవ్వ నియమం బతికింది, శెట్టి మర్యాద, నా ఉద్యోగం బతికాయి. చేయని తప్పు మాత్రం ఆయన నెత్తిన అట్లాగే ఉంది, పైగా దానికి మన్నింపు కూడా దొరికింది. నాకు సిగ్గేసింది. ఆ మెట్ల మీద పడినంత సిగ్గు నేను నా ఉద్యోగంలో ఇంకెక్కడా పడలేదు.

"ఇంకో ఫారం రాస్తా" అన్నాను.

"దేంట్లో రాస్తావు? ఇంగిలీషులోనా?"

ఆయన పక్కనే కూర్చుని తెలుగులో రాశాను. లోపలికి పోయి, గల్లాపెట్టె ముందు నిలబడి చదివాను. శనివారం కదా, అంగట్లో జనం ఉన్నారు.

"కారణం: ప్రతి శుక్రవారం హారతి సమయంలో ఖాళీ తొట్టితో మెషీను ఆన్ చేయడం. ఆన్ చేసినది అంగడి యజమాని. ఆ సమయానికి వీరాచారి గారు అంగట్లో లేరు. ఆయన మెషీనును సరిగ్గానే వాడారు. ఇంతకు ముందు రాసిన కారణం తప్పు. తెలియక రాసినది నేను. సంతకం."

చివరి రెండు వాక్యాలు చదివేటప్పుడు చలపతి సార్ ముఖం కళ్ళ ముందు కనపడింది. తర్వాత ఆఫీసులో ఆయన ఆ ఫారం రెండుసార్లు చదివి, ఏమీ అనకుండా ఫైల్లో పెట్టుకున్నాడు. ఆయన కింద పనిచేసినన్నాళ్ళలో నాకు దొరికిన మెచ్చుకోలు అదొక్కటే.

శెట్టి ముఖం కందిపోయింది. అవ్వే నోరు తెరిచింది.

"స్విచ్చేసింది నువ్వు, వెయ్యమన్నింది నేను. మల్ల ఆచారిని ఎందుకంటివిరా?"

శెట్టి గల్లాపెట్టె వదిలి లేచాడు. మెట్ల దాకా పోయి, ఆ మూట తనే ఎత్తుకొచ్చి కుంపటి పక్కన పెట్టాడు. "తప్పయిపోయింది ఆచారీ" అన్నాడు, మెల్లగా. కొనడానికి వచ్చినవాళ్ళు నగల వైపు చూస్తున్నట్టు నటించారు.

వీరాచారి లోపలికి వచ్చి తన చోట కూర్చున్నాడు. మూట విప్పలేదు. బజారు వైపు చూశాడు. ఎదుటి అంగడివాళ్ళు, పక్కన ఇంకో రెండు నగల అంగళ్ళవాళ్ళు ఏం జరుగుతోందా అని గడపల్లోకి వచ్చి నిలబడి ఉన్నారు. పోయిన వారం ఆయన్ను అన్న మాటలు విన్నవాళ్ళు వాళ్ళే.

"బాగా రాసినావప్పా" అన్నాడు. "ఇంగోసారి చదువు. రోడ్డు మీదికి వినపడలే."

నేను గడప దాటి, బజారు వైపు తిరిగి, మొదటి నుంచి చదివాను.